తరలింది సగం.. మిగిలింది ఇరుకు
చెన్నై జార్జిటౌన్ బజారు వీధులకు అర్ధ శతాబ్దంగా తెగని ‘అభివృద్ధి’ చిక్కు

సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కితే చెన్నైలో దిగేది మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో. పేరులో మార్కెట్ ఉంది. దిగి చూస్తే ప్లాట్‌ఫారాలు, టికెట్ కౌంటర్లు, పక్కన రిజర్వేషన్ల మేడ. మార్కెట్ మాత్రం లేదు. 1900లో తెరిచిన ఆ ఎర్రటి కట్టడం 1985 మే 30న కాలి బూడిదైంది. సబర్బన్ రైళ్ల కోసం ఆ స్థలం రైల్వేకి ఇచ్చేయాలన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయింది. కదిలేది లేదని దుకాణదారులు పట్టుబట్టారు. ఆ తగవు తేలకముందే నిప్పు తేల్చేసింది. మంట ఎలా పుట్టిందన్న అనుమానం మాత్రం ఊళ్లో ఇప్పటికీ పోలేదు. పాత పుస్తకాల గుట్టల దగ్గర కూర్చుని అరుదైన తెలుగు పుస్తకాలు ఏరుకున్న తరం ఆ మార్కెట్ పేరెత్తితే ఇంకా నిట్టూరుస్తుంది. దుకాణాలకు పక్కనే అల్లికుళం (లిల్లీపాండ్) ఆవరణలో చోటిచ్చారు. పాత చోట గుర్తుగా మిగిలింది చిన్న నమూనా బొమ్మ ఒక్కటే.

చెన్నై నడిబొడ్డున పాత బజార్లను ‘బాగుచేసే’ పని ఎలా సాగుతుందో చెప్పడానికి మూర్ మార్కెట్ ఒక్కటి చాలు. అక్కడ కనీసం స్టేషనైనా వచ్చింది. అక్కడినుంచి తూర్పుగా వాల్‌టాక్స్ రోడ్డు దాటి జార్జిటౌన్‌లోకి అడుగుపెడితే అదీ లేదు. ఇరుకు తగ్గిస్తామని ఒక్కో ముక్కనే ఊరి బయటికి తరలించారు. ఖాళీ అయిన చోట ఏం కట్టాలో, మిగిలిన వీధులను ఏం చేయాలో తేల్చలేదు. 1976లో మొదటి మాస్టర్ ప్లాన్ వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. మధ్యలో నలుగుతున్నది ఇక్కడి దుకాణదారు. ఆయనతోపాటు నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి నుంచి సరుక్కి వచ్చే చిన్న వ్యాపారి కూడా.

మనోళ్ల పేర్లే వీధులకు

ఈ వీధులు సరిహద్దుకు అటు ఉన్నా తెలుగువాళ్లకు పరాయివి కావు. 1639లో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే దామర్ల నాయకుల దగ్గర ఈ తీరం పట్టా పుచ్చుకున్నప్పుడు పక్కన దుబాసీగా నిలిచింది బేరి తిమ్మప్ప. ఆ తర్వాత కంపెనీకి బట్టలు సేకరించి ఇచ్చిన పెద్ద వర్తకుల్లో కాశీ వీరన్న ఒకరు. ఊరికి కాపలా బాధ్యత పెద్దనాయకుడిది. ఆయన పేరు మీదే పడమటి సగం పెద్దనాయకన్‌పేట అయింది. తూర్పు సగం ముత్యాలపేట. లింగిచెట్టి, తంబుచెట్టి, గోవిందప్ప నాయకన్, నైనియప్ప నాయకన్, కాశీచెట్టి.. బోర్డులు తమిళంలో, ఇంగ్లీషులో ఉన్నా పేర్లు చదువుతుంటే నెల్లూరు చిన్నబజారులో నిలబడ్డట్టే ఉంటుంది.

1914లో దినపత్రికగా మద్రాసు చేరిన ఆంధ్రపత్రిక కార్యాలయం తంబుచెట్టి వీధిలోనే. పొట్టి శ్రీరాములు 1901లో పుట్టింది ఇక్కడి అణ్ణాపిళ్లై వీధి ఇంట్లో. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకులకు రొమ్ము చూపించింది ప్యారిస్ కార్నర్ దగ్గరే. అందుకే బ్రాడ్వేకి ఇప్పుడు ప్రకాశం సాలై అని పేరు. అయితే ఆ పేరుతో అడ్రస్ అడిగితే ఆటోవాలా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. బ్రాడ్వే అంటే వెంటనే తీసుకెళ్తాడు. ‘ప్యారిస్’ అంటే ఇంకా బాగా తెలుసు. 1788లో వ్యాపారం మొదలెట్టిన ప్యారీ కంపెనీ పేరు అలా వాడుకలో కరిగిపోయింది.

కొత్తవాల్ చావడి దగ్గర కన్యకా పరమేశ్వరి దేవస్థానం ఆర్యవైశ్యులది. మద్రాసుకు కూరగాయలు దిగిన కొత్తవాల్ చావడి మార్కెట్ స్థలం ఆ దేవస్థానానిదే. ఇక దేవరాజ మొదలి వీధి పక్క చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గొడుగులు బయల్దేరతాయి. తిరుపతి వాళ్లకు ఈ వీధుల పేర్లు తెలియకపోయినా ఆ గొడుగులు తెలుసు.

ఒకసారి కూలిన ఊరే

జార్జిటౌన్‌ను ‘పాత బజారు’ అంటారు గానీ, అసలు పాత బజారు ఇది కాదు. మొదటి ఊరు కోట గోడకు ఆనుకుని, ఇప్పుడు హైకోర్టు, పాత లా కాలేజీ కట్టడం ఉన్న చోట ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్లు కోట పట్టుకున్నారు. తిరిగి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాక, శత్రువు ఇళ్ల చాటున దాక్కుని ఫిరంగులు పేలుస్తాడన్న భయంతో ఊరిని నేలమట్టం చేసి మైదానం చేశారు. 1640ల నాటి చెన్నకేశవ స్వామి గుడి కూడా 1757లో అలాగే పోయింది. కొన్నేళ్లకు ఇప్పుడున్న చోట మళ్లీ కట్టారు. ఇక ఈ హద్దు దాటి ఇల్లు కట్టొద్దని 1773లో 6 రాతి స్తంభాలు పాతారు. అందులో ఒకటి ప్యారిస్ కార్నర్‌లో ఇంకా ఉంది. పక్కనుంచి రోజూ వేలమంది పోతుంటారు, దాని వంక చూసేవాళ్లు తక్కువ.

అప్పుడు కూల్చింది కంపెనీ సర్కారు. దయాదాక్షిణ్యాలు చూపలేదు. అయితే వర్తకులు ఎక్కడికి పోవాలో మాత్రం స్పష్టంగా తేలింది. ఉత్తరాన పేటలు ఉన్నాయి, అక్కడికి పోయారు, గుడిని కూడా తీసుకుపోయారు. రాజు పట్టాభిషేకం గుర్తుగా 1911లో ఆ పేటలకే జార్జిటౌన్ అని పేరు పెట్టారు. స్వతంత్రం వచ్చాక వేసిన ప్రణాళికల్లో కరువైంది ఆ స్పష్టతే.

మొదట కూరలు.. తర్వాత బస్సులు

మొదటి మాస్టర్ ప్లాన్ చెప్పింది తప్పేమీ కాదు. రేవు పక్కన, రైలు పక్కన, ఇరుకు వీధుల్లో కూరలు, ఇనుము, లారీలు, బస్సులు అన్నీ ఒకే చోట ఉంటే ఊపిరాడదు, వీటిని విడదీయాలి అంది. కూరగాయలకు కోయంబేడు, ఇనుముకు సాత్తంగాడు, లారీలకు మాధవరం అని గీత గీశారు. గీసిన 20 ఏళ్లకు, 1996లో కోయంబేడు మార్కెట్ తెరుచుకుంది. కూరలు, పళ్లు, పూలు ఇకపై అక్కడే టోకుగా అమ్మాలని అదే ఏడాది చట్టం చేశారు.

కొత్తవాల్ చావడి టోకు బేరం కోయంబేడు పోయింది. చిల్లర బేరం మిగిలింది. కూరల లారీ ఆగాక దాని చుట్టూ బతికిన హమాలీ, గోనెసంచుల వ్యాపారి, తెల్లవారుజామున టీ అమ్మే మనిషి ఏమవుతారన్న లెక్క ఏ ప్లానులోనూ ఎక్కలేదు. పూలవాళ్లది ఇంకో కథ. కోయంబేడులో షెడ్లున్నాయి, చట్టమూ ఉంది. అయినా బద్రియన్ వీధిలో కొందరు కదల్లేదు. నోటీసులు, సీళ్లు, కోర్టు కేసులు.. తెల్లారేసరికి మల్లెపూల గంప మళ్లీ అక్కడే. గుడికి, పెళ్లికి పూలు కావాల్సిన జనం ఆ వీధికి అలవాటు పడ్డారు మరి. ఆహార ధాన్యాల టోకు వ్యాపారం కోసం 2010ల్లో కోయంబేడులో మరో ప్రాంగణం కట్టారు. అందులో చాలా కొట్లు చాలాకాలం తలుపు తీయలేదు. పప్పుల వ్యాపారి కొట్టు ఒక్కటీ కదిలితే లాభం లేదు. ఆయనతోపాటు దలాలీ, తూకం మనిషి, అప్పిచ్చే సేటు, మూట మోసే జట్టు అందరూ కదలాలి.

2002 నవంబరు 18న బస్సుల వంతు వచ్చింది. బ్రాడ్వే, ఎస్ప్లనేడ్ నుంచి కదిలే దూరప్రాంతాల బస్సులన్నీ కోయంబేడు కొత్త బస్‌స్టేషన్‌కు మారాయి. దాంతోపాటే మన ఆంధ్ర బస్సులూ. అప్పటిదాకా నెల్లూరులో తెల్లవారుజామున ఎక్కితే దిగేది బజారు నడిబొడ్డునే. దిగి నాలుగడుగులు వేస్తే గోడౌన్ వీధి. సాయంత్రానికి మూటలు కట్టించి, అదే బస్సు టాపు మీద వేయించి, రాత్రి భోజనానికి ఇంటికి చేరేవాళ్లు. ఆ రోజుతో ఆ సుఖం పోయింది. 2018 అక్టోబరులో ఆంధ్ర వైపు బస్సులకు మాధవరంలో వేరే స్టేషన్ తెరిచారు. ఊళ్లోకి రాకుండానే దింపేస్తారు. అక్కడినుంచి ప్యారిస్‌కి మళ్లీ సిటీ బస్సు. 2023 డిసెంబరు 30న దక్షిణాది జిల్లాల బస్సుల కోసం కిలాంబాక్కం స్టేషన్ మొదలైంది. అంటే బజారును ఖాళీ చేయించి తెచ్చుకున్న కోయంబేడు బస్‌స్టేషన్‌లోనూ 21 ఏళ్లకే పెద్ద భాగం ఖాళీ అయింది. ఆ స్థలాన్ని ఏం చేయాలన్నది ఇంకో చర్చ!

ట్రాఫిక్ లెక్కల ప్రకారం ఇదంతా సబబే కావచ్చు. పెద్ద బస్సులు ప్యారిస్ సందుల్లో తిరగడం ఎవరికీ మంచిది కాదు. కానీ బస్సు పోయిన తర్వాత జార్జిటౌన్ రద్దీ తగ్గిందా అంటే, ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో నిలబడి చూసినవాళ్లు ఎవరూ తగ్గిందనరు. టోకు కొట్లు అక్కడే ఉన్నాయి. బస్సు మీద పోయే మూటలు ఇప్పుడు మినీ వ్యాన్‌లో, ఆటోలో, మూడు చక్రాల తొక్కుడుబండిలో పోతున్నాయి.

కూల్చితే పోయేదే ఎక్కువ

జార్జిటౌన్ బలమంతా ఒక్క సూత్రంలో ఉంది. ఒక వీధికి ఒక సరుకు. గోడౌన్ వీధిలో బట్టలు. ఆండర్సన్ వీధిలో కాగితం, శుభలేఖలు. దేవరాజ మొదలి వీధిలో అద్దాలు, ప్లైవుడ్. నైనియప్ప నాయకన్ వీధిలో రంగులు, రసాయనాలు. సెంబుదాస్ వీధిలో పైపులు, ఇనుప సామాను. రాసప్ప చెట్టి వీధిలో నాటు మందులు, పూజా సామగ్రి. కాశీచెట్టి వీధిలో ఫ్యాన్సీ సరుకు. ఒక కొట్లో లేకపోతే ‘పక్క కొట్లో చూడన్నా’ అంటారు. ధర నచ్చకపోతే నాలుగడుగుల్లో మరో నలుగురున్నారు. పెళ్లిపని మీద వచ్చిన కుటుంబం ఉదయం శుభలేఖలతో మొదలుపెట్టి బట్టలు, గిన్నెలు, నగలు అన్నీ ఒక్క మైలు చుట్టుకొలతలో చూసి పోతుంది. ఏ షాపింగ్ మాల్ కూడా ఇంత సరుకును ఇంత దగ్గరగా పెట్టలేదు. కాకపోతే మాల్‌లో మరుగుదొడ్డి ఉంటుంది. ఆడవాళ్లకు ఇక్కడ ఇదే పెద్ద కష్టం. పగలంతా నీళ్లు తాగకుండా తిరిగేవాళ్లు ఎందరో.

ఇంత బేరం జరిగే వీధుల్లో కట్టడాలు ఎందుకు ఇంత పాడుబడ్డాయన్నది బయటివాళ్లకు అర్థం కాని చిక్కు. విప్పి చూస్తే అందులో నాలుగు ముడులున్నాయి. మొదటిది అద్దె. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద దశాబ్దాల కిందటి అద్దెలే చాలా కొట్లలో నడిచాయి. ఆ అద్దెతో యజమాని సున్నం కూడా వేయించలేడు. రెండోది గుడ్‌విల్. కొట్టు చేతులు మారినప్పుడు కట్టిన పెద్ద మొత్తం తిరిగొచ్చేదాకా అద్దెదారు లేవడు. లేవమనడం న్యాయమూ కాదు. మూడోది వాటాలు. ఒక్కో ఇంటికి తాతల నాటి నుంచి పదిమంది వారసులు, కొన్నింటికి గుళ్లు, ధర్మసంస్థలు యజమానులు. సంతకాలన్నీ ఒక కాగితం మీదికి రావడమే గగనం.

నాలుగోది అన్నిటికంటే గట్టి ముడి. ఎంత ఎత్తు కట్టొచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి ఉంటుంది. జార్జిటౌన్ సందులకు ఆ వెడల్పు లేదు. వాహనాలు నిలిపే జాగా వదలాలి, చుట్టూ ఖాళీ వదలాలి అంటే పదడుగుల ముఖం, వందడుగుల లోతు ఉండే ఇంటి స్థలంలో మిగిలేదేమిటి? పాత మేడ మీద ఎప్పుడో అనుమతి లేకుండా వేసుకున్న అంతస్తులు నిలిచి ఉంటే బేరం సాగుతుంది. పడగొట్టి చట్టప్రకారం కడితే ఉన్నదాంట్లో సగం చోటు కూడా రాదు. అందుకే ఎవరూ పడగొట్టరు. లోపల లోపల గోడలు మారుస్తారు, మిద్దె మీద రేకులు వేస్తారు, కింద గోడౌన్ పైన పనివాళ్ల గది. మద్రాసు టెర్రస్ కప్పు, బర్మా టేకు దూలం, నున్నటి సున్నపు గోడ ఉన్న ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. వాటిని కాపాడుతున్నది పురాతన సంపద మీద ప్రేమ కాదు, ఈ చిక్కుముడే. మరమ్మతు లేక కూలగొడుతున్నదీ అదే.

2017లో చేసిన కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. రాతపూర్వక ఒప్పందం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంది. యజమానులకు కాస్త ఊరట. నోటిమాట మీద రెండు తరాలు నడిపిన చిన్న కొట్టువాడికి మాత్రం గుండెలో రాయి పడింది. అద్దె ఇవాళ్టి ధరకు పెరిగితే గుండీలు, రిబ్బన్లు అమ్మే కొట్టు తట్టుకోలేదు. సెల్‌ఫోన్ కొట్టో, బ్రాండెడ్ షోరూమో తట్టుకుంటుంది. అప్పుడు ఒక వీధికి ఒక సరుకు అన్న వరస చెదిరిపోతుంది. ఒకసారి చెదిరితే కొనేవాడికి ఇంతదూరం వచ్చే కారణమే ఉండదు.

ఇక నిప్పు. సందుల్లోకి ఫైరింజన్ దూరదు. కాగితం, ప్లాస్టిక్, రసాయనాలు, బట్టలు పక్కపక్కనే. కరెంటు తీగలు సాలెగూడులా తలకు తగిలే ఎత్తులో. టి.నగర్‌లో 2017 మే 31న ఒక పెద్ద బట్టల దుకాణం తగలబడి, చివరికి మేడ మొత్తం పడగొట్టాల్సి వచ్చింది. అది విశాలమైన రోడ్డు పక్కన ఉన్న మేడ. జార్జిటౌన్‌లో అలాంటిదే జరిగితే నీళ్లు ఎటునుంచి కొట్టాలన్నది తలచుకుంటేనే భయం.

బ్రాడ్వే బస్టాండ్ బొమ్మలు

బస్సులు పోయినా బ్రాడ్వే బస్టాండ్ పోలేదు. 2002 తర్వాత అది సిటీ బస్సుల స్టాండ్‌గా మిగిలింది. గుంతలు, వానొస్తే మురుగు, రాత్రయితే చీకటి. ఆ చోటును, పక్కనున్న ఖాదీ శాఖ మేడ కురళగాన్ని కలిపి కొత్తగా కట్టాలన్న మాట ఎన్నోసార్లు వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా బొమ్మ మారింది. కింద బస్సులు, మీద కొట్లు, ఆఫీసులు, నేల కింద వాహనాలకు చోటు, మెట్రోకి, లోకల్ రైలుకు నడవడానికి దారి.. చివరకు 2020ల్లో 800 కోట్ల రూపాయలకు పైబడిన అంచనా దాకా వెళ్లింది. మొదటి మాస్టర్ ప్లాన్ నుంచి లెక్కేస్తే ఇది దాదాపు 50 ఏళ్లు. బస్సులు పోయిన రోజు నుంచి లెక్కేసినా రెండు దశాబ్దాలు దాటింది.

పెద్ద మేడ వస్తే తమకు మేలా కీడా అన్నది చుట్టుపక్కల కొట్లవాళ్లలో ఎడతెగని వాదం. జనం వచ్చే దారి బాగుపడుతుందని సగం మంది, ఆ మేడలో కొట్లొచ్చి తమ బేరం లాక్కుపోతాయని సగం మంది. కట్టేన్నాళ్లు బస్సులు ఇంకోచోటికి పోతే అసలు జనమే రారని ఇద్దరి భయమూనూ. ఆ భయానికి కారణం లేకపోలేదు. మెట్రో సొరంగం తవ్వినన్నాళ్లు రేకుల అడ్డుగోడల మధ్య బేరం చేసిన అనుభవం వాళ్లది. ఏనుగు గేటు వంతెన సంగతీ అంతే. షావుకారుపేటకు దారి అయిన ఆ పాత వంతెన బలహీనపడిందని బరువు బండ్లు ఆపేశాక, పడగొట్టి తిరిగి కట్టడం ఏళ్ల తరబడి సాగింది. తిరుమల గొడుగులు దాటే చోటు కూడా అదే.

మెట్రో మాత్రం చెప్పిన మేలు కొంత చేసింది. 2019 ఫిబ్రవరి 10న హైకోర్టు, మణ్ణడి స్టేషన్లు తెరిచారు. సెంట్రల్‌లో ఎక్కితే హైకోర్టు ఒక్కటే స్టేషన్. సూళ్లూరుపేట లోకల్‌లో వచ్చేవాళ్లకు ఇది నిజంగా వరమే. కాకపోతే ఖాళీ చేతులతో వెళ్లేటప్పుడు వరం. చీరల మూట, గిన్నెల సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చేటప్పుడు ఆ మెట్లూ, తనిఖీ యంత్రమూ వేరేగా కనిపిస్తాయి.

కోర్టు ఎదుటే తోపుడుబండి

ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డుకు ఒక పక్క హైకోర్టు, ఇంకో పక్క పేవ్‌మెంటు బజారు. ఆ పేవ్‌మెంటు మీద ఎవరుండాలన్న కేసులు దశాబ్దాలుగా ఎదుటి కోర్టులోనే నడిచాయి. కమిటీలు వేశారు, ఉండకూడని వీధులు గుర్తించారు, వేరే చోట్ల వ్యాపారుల సముదాయాలు కట్టారు. టి.నగర్‌లో పాండీబజార్ పేవ్‌మెంటు వ్యాపారులు 2013లో కొత్త సముదాయంలోకి వెళ్లారు. 2019 నవంబరులో ఆ రోడ్డునే నడిచేవాళ్లకు విశాలంగా తీర్చిదిద్దారు. పనికొచ్చిన మార్పే అది. కానీ పాండీబజార్ వెడల్పయిన రోడ్డు, బేరమంతా చిల్లర. దాన్నే తెచ్చి జార్జిటౌన్ మీద అంటించడం కుదరదు. ఇక్కడ పేవ్‌మెంటు మీద అమ్మేవాడికి సరుకిచ్చేది వెనక సందులోని టోకు కొట్టే. వాణ్ని లేపేస్తే వెనక కొట్టుకీ దెబ్బే. 2014 కేంద్ర చట్టం వీధి వ్యాపారులకు గుర్తింపు కార్డు, ముందస్తు సర్వే, పట్టణ కమిటీలో చోటు ఇవ్వాలంది. అయినా పోలీసు వ్యాన్ రాగానే దుప్పటి నాలుగు చెంగులు పట్టి లాగేసే దృశ్యం అక్కడ కొత్తేమీ కాదు.

మూట కట్టేది వాల్‌టాక్స్ రోడ్డులో

హైదర్ అలీ దాడులకు భయపడి ఇంగ్లీషువాళ్లు ఊరి చుట్టూ గోడ కట్టించి, దాని ఖర్చుకు పన్ను వేస్తామన్నారు. పన్ను వసూలు కాలేదు, వాల్‌టాక్స్ అన్న పేరు రోడ్డుకు మిగిలింది. ఇప్పుడా రోడ్డు నిండా లారీ ఆఫీసులు. జార్జిటౌన్‌లో కొన్న సరుకు తొక్కుడుబండి మీద ఇక్కడికి చేరి, మూటకు నంబరు పడి, రాత్రి లారీలో ఆంధ్ర ఊళ్ల దారి పడుతుంది. మనిషి రైల్లో వెనక్కి పోతాడు, సరుకు తర్వాత వస్తుంది. లారీల స్టాండ్‌కు మాధవరంలో చోటిచ్చినా, బుకింగ్ ఆఫీసు మాత్రం కొనేవాడికి అందుబాటులో ఇక్కడే ఉండాల్సి వస్తోంది. తరలింపు సగంలో ఆగిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఎంత అవస్థయినా పల్లె కొట్టువాళ్లు ఎందుకొస్తారంటే జవాబు ధర ఒక్కటే కాదు. అప్పు. ‘ఏంది సామీ, పోయిన నెల బాకీ సంగతి?’ అని నవ్వుతూ అడిగి, కొత్త సరుకు మళ్లీ చిట్టాలో రాసుకునే గుమాస్తా. పండక్కి ముందు తీసుకుని, అమ్ముడుపోయాక కట్టే వెసులుబాటు. బ్యాంకు గడప ఎక్కని చిన్న వ్యాపారికి ఇదే పెట్టుబడి. చాలా కొట్లలో ముందు కూర్చునేది మార్వాడీ సేటయినా, కోమటి శెట్టిగారైనా, ముత్యాలపేట తమిళ ముస్లిం బాయి అయినా తెలుగులో బేరమాడగలరు. సరిహద్దు వాళ్లు కాస్త తమిళం కలుపుతారు. ‘ఎంత’ అని అడిగితే ‘ఎవ్వళవు’ అని జవాబు.

2020లో కరోనా కోయంబేడు మార్కెట్‌లో వ్యాపించి మే 5న దాన్ని మూసేసినప్పుడు ఒక సంగతి తేలింది. ఊరి కూరగాయలన్నీ ఒకే చోట పోగేస్తే, ఆ ఒక్క చోటు మూతపడ్డ రోజు ఊరంతా వెతుక్కోవాలి. తిరుమళిశైలో తాత్కాలికంగా షెడ్లు వేసి నడిపారు. పాత వీధుల చెల్లాచెదురు బేరంలోనూ ఒక రక్షణ ఉందని అప్పుడు కొందరికి గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఊరుకుంది.

ఆ లాక్‌డౌన్ మిగిల్చిన మార్పు ఇంకోటి. నాయుడుపేటలోనో నగరిలోనో కూర్చున్న కొట్టు యజమానికి ఇప్పుడు కాశీచెట్టి వీధి సరుకు ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి. వేలితో నొక్కి ‘ఇది 10, అది 20’ అంటే మర్నాడో ఎల్లుండో మూట లారీ ఆఫీసుకు చేరుతుంది. డబ్బూ ఫోన్లోనే. ఇలా కొనేవాళ్లలో కుర్రవాళ్లు ఎక్కువ. మూడు వాహనాలు మారి ప్యారిస్ పోయే ఓపిక వాళ్లకు లేదు. కాకపోతే ఫోన్లో సరుక్కి డబ్బు ముందే కట్టాలి. అరువు కావాలంటే మాత్రం మనిషి వెళ్లి కొట్టు ముందు నిలబడాల్సిందే. అందుకే దసరాకి ముందు, సంక్రాంతికి ముందు సూళ్లూరుపేట నుంచి తెల్లవారుజామున బయల్దేరే లోకళ్లలో మడిచిన గోనెసంచులు చంకన పెట్టుకున్న పెద్దవయసు వ్యాపారులు ఇంకా కనిపిస్తారు.